ముప్పై ఆరు బొమ్మల లెక్క

కొత్త ఢిల్లీ: పార్లమెంటు సమావేశాలు లేని వారం రాజధానిలోని విలేఖరికి కాస్త ఊపిరి సలిపే వారం. అటువంటి వారంలో ఒక మధ్యాహ్నం నా పాత కెమేరాను గుడ్డసంచిలో వేసుకుని చాందినీ చౌక్‌కు బయలుదేరాను. చలికాలం వచ్చిందంటే చాలు, ఆ కెమేరాకు కీళ్లవాతం వంటిది ఏదో పట్టుకుంటుంది. వేగంగా తెరుచుకుని మూసుకునే షట్టరుకు ఏ ఇబ్బందీ ఉండదు. కాని మసక వెలుతురులో సెకనులో ఎనిమిదో వంతో, నాలుగో వంతో నిలవమంటే అది తెరుచుకుని, మూసుకోవడం మరచిపోతుంది. లోపలి చమురు చిక్కబడి పళ్ల చక్రాలు బిగుసుకుపోవడమే దానికి కారణమని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన బాగుచేయడం చేతకాదు కదా!

ఎర్రకోటకు ఎదురుగా ఉన్న కొసన, చాందినీ చౌక్ పెద్దవీధి నుంచి పక్కకు చీలిన సందులలో కూచా చౌధురీ ఒకటి. ఉత్తర భారతంలోని ఫోటో వ్యాపారానికంతటికీ అది సంత వంటిది. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు, పత్రికల వారు, స్టూడియోల యజమానులు కెమేరాలకు, దీపాలకు, ఆల్బములకు అక్కడికే వస్తారు. తల ఎత్తితే విద్యుత్తు తీగల సాలెగూడు, తల దించితే అట్టపెట్టెల కుప్పలు. ఆ సందులో ఒక ఇరుకు మెట్ల దారిన రెండో అంతస్తుకు ఎక్కితే, నా కెమేరా వైద్యుడు ఒంటికంటి భూతద్దం పెట్టుకుని కూర్చుని ఉంటాడు. అందరూ ఆయనను ఉస్తాద్‌జీ అనే పిలుస్తారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ముప్పై ఏళ్లకు పైగా పరిచయం ఉన్నా, ఆయన నన్ను కుశలం అడిగే ముందు కెమేరా కుశలమే అడుగుతాడు.

ఆ రోజు నాకంటె ముందు అయిదుగురు ఉన్నారు. అయిదుగురూ పాతికేళ్ల లోపు వారే. ఒక కుర్రవాడి చేతిలో సోవియట్ కాలపు జెనిత్. ఇటుకరాయి వలె బరువుగా ఉంటుంది. మరొకని దగ్గర తాతగారి పెట్టెలో దొరికిన ఆగ్ఫా క్లిక్ త్రీ. ఒకప్పుడు మన మధ్యతరగతి ఇళ్లలో పండుగకూ పబ్బానికీ బయటకు వచ్చిన ఆ నల్లని డబ్బా కెమేరా మన దేశంలోనే, బరోడాలో తయారైనదే. వీరెవరూ పుట్టక ముందే ఈ యంత్రాల తయారీ ఆగిపోయింది. వీరి జేబులలో ఉన్న ఫోనులు అంతకంటె వందరెట్లు సులువుగా, నిండు రంగులతో, ఖర్చులేకుండా బొమ్మలు తీయగలవు. అయినా వీరు ఈ మెట్లెక్కి వచ్చి వరుసలో నిలబడ్డారు. ఎందుకన్నది నాకు కొంతకాలంగా ఆసక్తి కలిగిస్తున్న ప్రశ్న.

వారిలో ఒక అమ్మాయి ఫోనులో తెలుగులో మాట్లాడుతూ ఉండడంతో పలకరించాను. "ఏ ఊరమ్మా మీది?" అన్నాను. "నరసరావుపేట దగ్గరండి. ఇక్కడ ఎం.ఏ. చదువుతున్నాను" అన్నది. ఇంత శ్రమ ఎందుకు పడుతున్నావని అడిగితే ఆమె చెప్పిన సమాధానం నేను ఊహించినది కాదు.

"ఫోనుతో తీస్తే మా అమ్మమ్మ వెంటనే చూపించమంటుందండి. చూసి, ముఖం బాగాలేదు, తీసేయమంటుంది. మళ్లీ తీస్తాను, మళ్లీ తీసేయమంటుంది. ఆఖరికి ఒక్కటీ మిగలదు. దీంతో అయితే చూపించమని అడగడానికి లేదు కదండీ. ఒకసారి తీశానంటే తీసినట్టే. ఆవిడ కూడా సర్దుకుని, నిదానంగా కూర్చుంటుంది."

నలభై ఏళ్లుగా కెమేరా పట్టుకున్న నేను ఇంత తేటగా ఆ సంగతి చెప్పలేకపోయాను. ఒకసారి తీశానంటే తీసినట్టే. పాత కెమేరా మీద మనుషులకు చావని మోజు ఎక్కడ పుడుతున్నదో ఆ మాటలో ఉన్నది.

ఫిల్ము మీద బొమ్మ పడే తీరు తలుచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది. జిలటిన్ పూతలో చెదిరి ఉన్న వెండి లవణపు కణాల మీద కంటి రెప్పపాటు కంటె తక్కువ సేపు వెలుగు పడుతుంది. ఆ కణాలలో ఏదో మార్పు జరుగుతుంది గాని అది ఏ కంటికీ కనిపించదు. శాస్త్రజ్ఞులు దానిని గుప్తబింబం అంటారు. రీలును చీకటిలో తీసి రసాయనంలో ముంచేదాకా ఆ బొమ్మ ఉన్నదీ లేనిదీ తీసినవానికే తెలియదు. ముంచిన తరువాత వెలుగు సోకిన చోట వెండి నల్లగా నిలుస్తుంది, మిగిలినది హైపోలో కరిగిపోతుంది. అంటే నెగెటివు అన్నది ఆ క్షణాన ఆ మనిషి ముఖం మీద నుంచి వచ్చిన వెలుగు తానుగా తాకిన వస్తువు. వర్ణన కాదు, లెక్క కాదు, వస్తువు.

ఈ విద్యను నేను కరోల్‌బాగ్‌లో నేర్చుకున్నాను. ఎనభయిల ఆరంభంలో అక్కడ ఒక మేడమీది గదిలో అద్దెకు ఉండేవాడిని. ఆ పేటలో దక్షిణాది వారు ఎక్కువ, ఇడ్లీకి లోటు లేదు, నీటికే లోటు. చలికాలం రాత్రుళ్లు రజాయి కప్పుకుని, దాని చీకటిలో రెండు చేతులతో తడుముకుంటూ రీలును డబ్బాలోకి చుట్టేవాడిని. పక్కగదిలోని మిత్రుడు నాకేదో జబ్బు చేసిందని చాలాకాలం అనుకున్నాడట. డెవలపరు ఇరవై డిగ్రీల వేడిమిలో ఉంటే మేలు. మే నెలలో ఢిల్లీ కుళాయి నీరు స్నానానికే పనికిరానంత వేడిగా వస్తుంది. ఆ నీటితో కడిగితే పూత ఉబ్బి, బొమ్మ చిట్లిన మట్టి వలె పగుళ్లు వారుతుంది. అందుకని సందు చివర బండివాని దగ్గర అర్ధరూపాయి మంచు కొని తెచ్చుకునేవాడిని. స్నానాల గది కిటికీకి కంబళి, బల్బుకు ఎర్ర కాగితం. తెల్లని కాగితం మీద, ద్రవం అడుగున, ఒక ముఖం మెల్లగా తేలిరావడం తొలిసారి చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఎక్కువగా వాడినది ఇందు రీలే. నేటి యువతకు ఆ పేరు తెలియదు. ఉదకమండలంలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ సంస్థ 1960లో ఏర్పడింది. 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నీలగిరుల చల్లదనమూ, దుమ్ములేని గాలీ ఫిల్ము తయారీకి అనుకూలమన్న ఆలోచనతో అక్కడ పెట్టారు. ఫిల్ముకు చంద్రుని పేరు పెట్టినవారెవరో గాని రసికులు. ఆసుపత్రులలో ఎక్స్‌రేలకూ, స్టూడియోలలో పెళ్లి బొమ్మలకూ, దిగుమతి సరుకు కొనలేని నా వంటి వారికీ అది ఆధారం. తొంభయిలలో దిగుమతుల తలుపులు తెరుచుకున్నాయి, వెనుకనే డిజిటల్ ఉప్పెన వచ్చింది, సంస్థ రుగ్ణ పరిశ్రమల జాబితాలోకి చేరి క్రమంగా మూతపడింది. సొంతంగా ఫిల్ము తయారుచేసుకోగల దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే ఉన్న రోజులలో మనమూ వాటిలో ఒకరం. ఇవాళ మన యువకులు కొనే ప్రతి రీలూ సముద్రం దాటి రావలసిందే.

ఇక్కడ నా సొంత అపరాధం ఒకటి ఒప్పుకోవాలి. పాత కెమేరా గొప్పతనం గురించి రాసేవారు ఇటువంటివి దాచిపెడతారు గాని, ఆ దాపరికం న్యాయం కాదు.

1984 ఆగస్టు. ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేశారు. తనకు మెజారిటీ ఉన్నదని నిరూపించడానికి ఆయన తన శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీ వచ్చారు. అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చి ఎన్నో రోజులు కాలేదు. చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. ఆ దృశ్యం దేశమంతా చూసింది. చిన్న పత్రికలకు రాజధానిలో వేరే ఫోటోగ్రాఫరు ఉండే రోజులు కావు. వార్త రాసేదీ నేనే, బొమ్మ తీసేదీ నేనే. కువైట్ నుంచి మా బావగారు తెచ్చిన పెంటాక్స్ కె1000 కెమేరా మెడలో వేసుకుని నేనూ గుంపులో ఉన్నాను. ఇవాళ ఉస్తాద్‌జీ బల్ల మీద ఉన్నది అదే.

ఆ ఉదయం రీలు మార్చవలసి వచ్చినప్పుడు తొందరపడ్డాను. రీలు నాలుకను ఎదుటి కుదురు చీలికలో దూర్చి, ఒకటి రెండు సార్లు తిప్పి, పళ్లకు రంధ్రాలు పట్టుకున్నాయని చూసుకుని, అప్పుడు మూత వేయాలి. నేను దూర్చి మూత వేసేశాను. లోపల నాలుక జారిపోయింది. మీట తిప్పితే తిరుగుతూనే ఉన్నది, షట్టరు మోగుతూనే ఉన్నది, లెక్కల గుండీ ఒకటి, రెండు, పది, ఇరవై అంటూ ముందుకు పోతూనే ఉన్నది. రీలు మాత్రం తన గూటిలో హాయిగా నిద్రపోతున్నది. ఎడమ చేతివైపు చుట్టుగుండీ తిరుగుతున్నదా లేదా అని ఒక్కసారి చూసి ఉంటే తెలిసిపోయేది. నేను మనుషుల ముఖాలే చూస్తున్నాను.

లెక్క ముప్పై ఆరు దాటి ముప్పై ఎనిమిదికి వచ్చింది. నలభై అయింది. అప్పుడు నా కడుపులో రాయి పడింది. వెనుక మూత తీస్తే నల్లని ఖాళీ తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి విమానంలో పంపవలసిన పొట్లంలో కాగితాలు మాత్రమే వెళ్లాయి. మా సంపాదకులు వార్తాసంస్థ పంపిన బొమ్మ వేసుకుని, నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ సంఘటన బొమ్మలు చరిత్రకు లేకుండా పోలేదు. నాకంటె సమర్థులు తీసినవి ఉన్నాయి. నన్ను బాధించేది మరొకటి. రోడ్డు పక్క రాతి గట్టు మీద ఒక వృద్ధ శాసనసభ్యుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, అలసిపోయి కూర్చుని ఉండగా నేను బొమ్మ తీశాను. అంటే తీశాననుకున్నాను. తలపాగా ఒక చెవి మీదికి జారి ఉన్నది. ఆయన నా వైపు చూసి నవ్వాడు. నలభై ఏళ్లుగా ఈ సంగతి ఎందరికో చెప్పాను. చెప్పిన కొద్దీ తలపాగా ఇంకొంచెం జారింది, నవ్వు ఇంకొంచెం విప్పారింది. ఇవాళ నన్ను నేను నిజాయితీగా ప్రశ్నించుకుంటే, ఆయన నవ్వాడో లేదో చెప్పలేను. చెప్పులు చేతిలో ఉన్నాయో కాళ్లకే ఉన్నాయో ప్రమాణం చేయలేను. నెగెటివు ఉంటే అది నన్ను సరిదిద్దేది.

నెగెటివు చేసే పని ఇదే. అది జ్ఞాపకానికి అలంకారం కాదు, జ్ఞాపకాన్ని అదుపులో పెట్టే సాక్షి. యంత్రాన్ని నాలుగు మాటలు అడిగితే ఎన్నడూ జరగని సభను, ఎన్నడూ పుట్టని మనిషిని కళ్లకు కట్టే రోజులలో ఈ సాక్షికి విలువ పెరిగిందే గాని తగ్గలేదు. నెగెటివులతో మోసం చేయలేరా అంటే, చేయగలరు. సోవియట్ నాయకుల బొమ్మలలో గిట్టనివారు మాయమైపోయిన కథలు లోకవిదితం. కాని అక్కడ కూడా మోసం జరిగింది ఎక్కువగా ప్రింటు మీద, కత్తెరతోనూ కుంచెతోనూ. అసలు రీలు దొరికితే దాని ముందు వెనుకల బొమ్మల వరుస దొంగను పట్టించగలదు.

రాజధానిలో ఈ సాక్షులను పోగుచేసినవారు కొందరు ఉన్నారు. హోమీ వ్యారావాలా పేరు పాఠకులలో చాలామంది విని ఉంటారు. 1913లో నవ్‌సారీలో పుట్టిన ఈ పార్సీ మహిళ భారతదేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు. 1942లో ఢిల్లీ వచ్చి, చీరకట్టులో, భుజాన బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమేరాతో, తరువాత రోలీఫ్లెక్స్‌తో స్వాతంత్ర్యపు రోజులను బంధించారు. స్పీడ్ గ్రాఫిక్‌లో ఒక పలకకు అటు ఒకటి, ఇటు ఒకటి, రెండే బొమ్మలు. ఆ తరువాత పలక మార్చుకోవాలి, మెరుపు బల్బు మార్చుకోవాలి. రోలీఫ్లెక్స్ రీలుకు పన్నెండు. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగి చూస్తే అందులో కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. నెహ్రూ ఎడమకు కదిలితే గాజుపలక మీద కుడికి కదులుతాడు. అటువంటి యంత్రంతో అన్ని వేడుకలనూ, అన్ని అంత్యక్రియలనూ తీయడమంటే మీట నొక్కే ముందే బొమ్మ మనసులో పూర్తయి ఉండాలి.

ఆమెకూ ఒక తీయని బొమ్మ ఉన్నది. 1948 జనవరి 30 సాయంత్రం బిర్లా భవనంలో గాంధీజీ ప్రార్థనా సభకు బయలుదేరి, భర్త పిలవడంతో వెనుదిరిగారు. ఆ లోటు జీవితాంతం ఆమెను వదలలేదు. 1970లో వృత్తి విడిచిపెట్టారు. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. 2012 జనవరి 15న వడోదరలో కన్నుమూశారు. సరిగ్గా నాలుగు రోజులకు, జనవరి 19న, అమెరికాలో కొడక్ సంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఆ వారం వచ్చిన పత్రికలను నేను ఇంకా దాచుకున్నాను.

కొడక్ గురించి ఒక మాట. ఫిల్మును చంపిన ఆయుధం ఆ ఇంట్లోనే తయారయింది. ఆ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లోనే తొలి డిజిటల్ కెమేరాను కట్టాడు. ఒక్క బొమ్మను క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. నవ్వుకున్నవారు నవ్వుకున్నారు.

కుల్వంత్ రాయ్ కథ మరీ చిత్రమైనది. గాంధీనీ, నెహ్రూనీ, పటేల్‌నీ, జిన్నానూ దగ్గర నుంచి తీసిన ఈ ఫోటోగ్రాఫరు 1984లో మరణించాడు. అంతకు పూర్వం ఆయన విదేశాలు తిరుగుతూ ఇంటికి పంపిన నెగెటివుల పొట్లాలు ఇంటికి చేరనేలేదు. మిగిలిన పెట్టెలను ఆయన ఒక యువకునికి వదిలి వెళ్లాడు. ఆ యువకుడు ఆదిత్య ఆర్య. ఆ తరువాత ఆర్య కూడా పేరున్న ఫోటోగ్రాఫరయ్యాడు. పెట్టెలు రెండు దశాబ్దాలకు పైగా మూతపడే ఉన్నాయి. తెరిచి చూసేసరికి స్వాతంత్ర్యోద్యమం చెక్కుచెదరకుండా బయటకు వచ్చింది. 2019లో ఆయన గుర్గావ్‌లో మ్యూజియో కెమేరా పేరిట నెలకొల్పిన ప్రదర్శనశాలను తీరిక ఉన్నవారు తప్పక చూడాలి. గాజు పలకల నాటి చెక్కపెట్టెల నుంచి నిన్నమొన్నటి కెమేరాల దాకా అక్కడ బారులు తీరి ఉన్నాయి. నేను వెళ్లిన రోజు ఒక పాఠశాల పిల్లలు వచ్చారు. వారిలో ఒకడు ప్రతి కెమేరా వెనుకకూ వెళ్లి తెర ఎక్కడ ఉన్నదని వెతుకుతున్నాడు.

పెట్టెలలో ఇరవై ఏళ్లు పడి ఉన్న ఫిల్ము తెరవగానే పలికింది. నా ఇంట్లో 2003 నుంచి 2009 దాకా తీసిన డిజిటల్ బొమ్మలు ఉన్న డిస్కు ఒకటి ఉన్నది. దానిని ఏ యంత్రానికి తగిలించినా టిక్కు టిక్కుమంటుంది, అంతే. అందులో మా అమ్మాయి చిన్నతనం ఉన్నది. దానికి ముందరి పదేళ్లు నెగెటివుల రూపంలో పాత బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఫంగసు పట్టవచ్చు, నిజమే. ఢిల్లీ వర్షాకాలంలో పట్టనే పడుతుంది. కాని ఫంగసు పట్టిన ముఖం ముఖమే.

మన తెలుగువారికి ఈ విషయంలో మరింత పాత ఋణం ఉన్నది. సర్ధనాలో 1844లో పుట్టి, ఆరవ నిజాము ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివులు 2,800కు పైగా ఇక్కడి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆనాటి హైదరాబాదు ప్రభువులు, కట్టడాలు, వేట విడుదులు, దర్బారులు ఆ గాజు మీద ఉన్నాయి. నూరేళ్లు దాటిన ఆ పలకల మీద అంగరఖాల కుట్టు కూడా లెక్కపెట్టవచ్చు.

పొరుగు దేశాల సంగతీ చెప్పాలి. 1971లో ఏ పత్రికా పంపకుండానే తనంత తానుగా బంగ్లాదేశ్ వెళ్లిన కిశోర్ పారేఖ్ రెండు వారాలలో తెచ్చి లోకానికి చూపినవి 67 బొమ్మలే. ఆ 67తో ఒక జాతి ప్రసవవేదన లోకానికి తెలిసింది. ఇవాళ ఒక పెళ్లి ఊరేగింపు వీధి మలుపు తిరిగే లోపల అంతకు పదిరెట్లు తీస్తారు. కాబూలులో వీధి ఫోటోగ్రాఫర్లు చెక్కపెట్టె కెమేరాతో, పెట్టెలోనే కడిగి, కాగితం నెగెటివును మళ్లీ ఫోటో తీసి బొమ్మ చేతిలో పెట్టేవారు. అదే పద్ధతి జైపూరు హవామహల్ ముందర కూడా సాగింది. తాతల నాటి పెట్టె ముందు కదలకుండా కూర్చోవడానికి విదేశీయులు డబ్బిచ్చి మరీ నిలబడడం నేను చూశాను. పెషావరు శివార్లలోని శరణార్థి శిబిరంలో 1984లో స్టీవ్ మెకరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఆకుపచ్చ కళ్లు కూడా ఫిల్మువే, కొడాక్రోమువే. ఆ ఫిల్ము ఉత్పత్తి 2009లో ఆగినప్పుడు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చిట్టచివరి రీలును ఆయనకే ఇచ్చారు. ముప్పై ఆరు బొమ్మలు. లోకమంతా ఉండగా వాటిలో కొన్నింటిని ఖర్చుపెట్టడానికి ఆయన మన రాజస్థానుకూ బొంబాయికీ వచ్చాడు. ప్రతి మీటనూ ఎంత జంకుతూ నొక్కి ఉంటాడో ఊహించుకోవచ్చు.

చచ్చిపోయిందనుకున్నది లేచి కూర్చోవడం ఈ కథలోని తాజా అధ్యాయం. కొడక్ తాను ఆపివేసిన ఎక్టాక్రోమును 2018లో తిరిగి తెచ్చింది. లైకా సంస్థ తన పాత ఎం6 కెమేరాను 2022లో మళ్లీ తయారుచేసింది. పెంటాక్స్ 2024లో ఏకంగా కొత్త ఫిల్ము కెమేరానే విడుదల చేసింది. ఈ పునర్జన్మలో కొంత వట్టి ఫ్యాషను ఉన్నది, దాచవలసిన పని లేదు. మెడలో కెమేరా వేలాడదీసుకుని, రీలు వేయకుండానే తిరిగే షోకీలను హౌజ్‌ఖాస్ ప్రాంతంలో చూశాను. అది ధనికుల ఆట అన్న విమర్శలోనూ నిజం ఉన్నది. రంగుల రీలు ఇప్పుడు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. కడిగించి కంప్యూటరుకు ఎక్కించడానికి మరో అయిదువందలు. నా లెక్కన మీట నొక్కిన ప్రతిసారీ నలభై రూపాయలు గాలిలో కలుస్తున్నాయి. నరసరావుపేట అమ్మాయి నెలకు ఒక్క రీలే కొంటుందట. "మెస్సులో సాయంత్రం టిఫిను మానేస్తానండి" అని నవ్వింది.

దినపత్రిక మళ్లీ ఫిల్ముకు పోవాలని వాదించేంత చాదస్తం నాకు లేదు. రాత్రి పదకొండు గంటలకు జరిగిన ఘోరం తెల్లవారి పేజీలో ఉండాలంటే డిజిటల్ తప్ప గతి లేదు. రైతుకూలి చేతిలోని ఫోను లాఠీదెబ్బకు సాక్ష్యం చెబుతున్నదంటే అది ఆ సాంకేతికత పెట్టిన భిక్షే. నేను చెప్పేది వేరు. లెక్క ఉన్నచోట చూపు పదునెక్కుతుంది. ముప్పై ఆరే ఉన్నాయంటే ముప్పై ఏడో దృశ్యాన్ని కళ్లతో చూసి ఊరుకోవడం కూడా మనిషి నేర్చుకుంటాడు. ఎండ బాగా ఉంటే రంధ్రాన్ని పదహారు అంకె మీద పెట్టి, ఫిల్ము వేగమెంతో షట్టరు వేగమంతగా పెట్టుకోమన్నది పాత సూత్రం. ఢిల్లీలో నవంబరు వచ్చిందంటే ఆ సూత్రం చెల్లదు. పొగమంచు ఎంత మందంగా ఉన్నదో ఆకాశం చూసి, రంధ్రం ఒక మెట్టో రెండు మెట్లో పెద్దది చేసుకోవాలి. ఈ నగరపు గాలి ఏటేటా ఎలా మురికిపడుతున్నదో వార్తలలోనే కాక నా వేళ్లతో కూడా తెలుసుకున్నాను.

ఇదంతా ఎంతకాలం సాగుతుందన్నది ఉస్తాద్‌జీ బల్ల దగ్గర తేలవలసిన ప్రశ్న. నా కెమేరా పైకప్పు విప్పి, అగ్గిపుల్ల కొనకు దూది చుట్టి, ఏదో ద్రవంతో పళ్లచక్రాలు తుడుస్తూ ఆయన చెప్పాడు: "భాగాలు ఎక్కడివనుకున్నారు బాబూజీ? ఇటు చూడండి." కాలితో బల్ల కింది రేకుపెట్టె ముందుకు జరిపాడు. నిండా చచ్చిన కెమేరాలు. ఒకదాని స్ప్రింగు మరొకదానికి, దాని మర ఇంకొకదానికి. కొత్త భాగాలు తయారుచేసేవారు లేరు. చచ్చినవి ఉన్నంతకాలమే బ్రతికినవి బ్రతుకుతాయి. రేకుపెట్టె ఇంతకు పూర్వం మూడు ఉండేవట.

"మరి ఈ పని నేర్చుకునేవారు?" అని అడిగాను. కొడుకులిద్దరికీ ఫోను దుకాణాలు ఉన్నాయన్నాడు. మనుమడు ఒకడు వచ్చి కూర్చుంటున్నాడట, వారానికి రెండు రోజులు. "చేయి మంచిదే. ఓపికే తక్కువ" అని, మళ్లీ తానే, "నాకూ ఆ వయసులో తక్కువే" అన్నాడు. కుర్రవాడు మూల కూర్చుని జెనిత్ మూత మరలను అయస్కాంతపు పళ్లెంలో వరుసగా పెడుతున్నాడు. తాత మాట విన్నట్టు కనిపించలేదు.

గంటన్నర పట్టింది. ఉస్తాద్‌జీ కెమేరాను చెవి దగ్గర పెట్టుకుని, సెకనులో ఎనిమిదో వంతున షట్టరు నొక్కి, కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ నొక్కి, నా చెవి దగ్గర పెట్టాడు. మూసుకున్న చప్పుడు వినిపించింది. అక్కడే ఆయన బల్ల మీద కొత్త రీలు వేశాను. నాలుకను చీలికలో దూర్చి, రెండుసార్లు తిప్పి, పళ్లు పట్టాయని చూసుకుని, మూత వేసి, ఎడమ చేతివైపు గుండీ తిరుగుతున్నదని వేలు ఆనించి మరీ నిర్ధారించుకున్నాను. ఆ గుండీని చూసుకోకుండా నలభై ఏళ్లలో ఒక్క రీలూ వేయలేదు.

ఆయన బొమ్మ తీస్తానంటే వద్దన్నాడు, గడ్డం గీసుకోలేదని. చేతులు తీసుకోమన్నాడు. నల్లబడిన గోళ్లు, కుడి చూపుడు వేలు మీద పాత మచ్చ, పక్కనే మనుమని చేయి. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలదు. సెకనులో ఎనిమిదో వంతు పెట్టి, మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్కటి తీశాను. బాగా వచ్చిందో లేదో తెలియదు. ఈ లేఖ రాసే సమయానికి ఆ రీలులో ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి.